మయన్మార్ గ్యాస్‌లో మనకి వాటా ఉంది కదా, మరి మన వైపు ఎందుకు రాలేదు?

గాజువాక కుర్రోడు:
అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుని లంగరేసిన షిప్పులు చూస్తుంటే మా ఫ్రెండ్ అన్నాడు, ఇదే బంగాళాఖాతంలో మయన్మార్ వైపు ష్వే అని గ్యాస్ ఫీల్డ్ ఉంది, అందులో మన ప్రభుత్వ కంపెనీలైన ఓఎన్‌జీసీ విదేశ్‌కి 17 శాతం, గెయిల్‌కి 8.5 శాతం వాటా, కానీ గ్యాస్ చైనాకి పోతోంది అని. నిజమేనా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

రిగ్గు మనిషి:
నిజమే తమ్ముడూ. వాటా ఉంటే డబ్బులొస్తాయి, గ్యాస్ మాత్రం పైపు ఎటుంటే అటే పోద్ది. 2005 జనవరిలో మయన్మార్‌లోని యాంగోన్‌లో మూడు దేశాల మంత్రులు కూర్చుని బంగ్లాదేశ్ మీదుగా మనకి పైపు వేద్దాం అనుకున్నారు. బదులుగా బంగ్లాదేశ్ ఏం అడిగిందంటే నేపాల్, భూటాన్‌లతో వ్యాపారానికి మన నేల మీదుగా దారి, అక్కడి కరెంటు తెచ్చుకోడానికి లైను. వాళ్ళ నేల మీంచి మనం పైపు వేసుకుంటాం అన్నప్పుడు వాళ్ళు దారి అడగడంలో తప్పేముంది చెప్పు? అది తేలకుండానే ఏళ్ళు గడిచిపోయాయి, 2008లో చైనా కంపెనీ 30 ఏళ్ళకి కొనుగోలు ఒప్పందం రాయించుకుంది, 2013 నుంచి మయన్మార్ తీరంలోని క్యాక్‌ఫ్యూ మీదుగా చైనాలోని యునాన్‌కి గ్యాస్ పోతోంది. ఇప్పటికీ బాధేస్తది నాకు.

పెదజాలరిపేట:
అన్నా ఒక డౌటు. మా నాన్నది బోటు, సముద్రంలో దేశాల సరిహద్దు గీత ఎక్కడుందో కంటికి కనపడదు కదా, చేపల వెంట పోయి బంగ్లా నీళ్ళలో పట్టుబడినోళ్ళు ఉన్నారు. మరి గ్యాస్ గీతకి రెండు పక్కలా ఉంటే ఎవరిది?

రిగ్గు మనిషి:
మంచి ప్రశ్న అడిగావ్ నాయనా. ఒకే బొండంలో రెండు స్ట్రాలు పెట్టినట్టే, ముందు పీల్చినోడిదే ఎక్కువ. ఒక బావి తెరిస్తే దూరంగా ఉన్న ఇంకో బావిలో గ్యాస్ ఒత్తిడి చూపించే గేజు ముల్లు మెల్లగా దిగడం నేను కళ్ళారా చూశా. అందుకే మలేషియా, థాయ్‌లాండ్ 1979లో గీత గొడవ పక్కన పెట్టి, ఇద్దరూ నాదన్న చోటే సగం సగం అనుకున్నారు, 2005లో గ్యాస్ తీశారు. మనకీ బంగ్లాదేశ్‌కీ గీత 2014లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ గీసింది, గొడవలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్ళకి పోయింది, మనం ఒప్పుకున్నాం. ఇక గీత దగ్గర ఎవరు బావి తవ్వినా అవతలోళ్ళకి ముందే చెప్పి, లెక్కలు చూపించి తవ్వాలని నా మాట.

పెదజాలరిపేట:
మా పేటలో కూడా రెండు బోట్ల వలలు కలిసిపోతే ఒడ్డుకొచ్చాక చేప సగం సగం పంచుకుంటారన్నా. ఈ రాత్రి నాన్నకి చెప్తా.