కరెంటు తగ్గించిన పరిశ్రమకు డబ్బులివ్వాలా, పీక్ టైమ్ రేటు పెంచితే సరిపోతుందా?

మీటర్ గది:
సూటిగా అడుగుతున్నాను. గ్రిడ్ మీద ఒత్తిడి ఉన్న గంటల్లో లోడు దించిన ఫ్యాక్టరీకి డబ్బు చెల్లించడం అమెరికాలో ఎప్పటినుంచో ఉంది. జనరేటరు ఒక యూనిట్ తయారు చేస్తే మార్కెట్లో ఎంత వస్తుందో, ఒక యూనిట్ తగ్గించిన వాడికీ అంతే ఇవ్వాలని 2011లో అక్కడి నియంత్రణ సంస్థ ఫెర్క్ 745వ ఉత్తర్వు ఇచ్చింది. ఆ చెల్లింపు వల్ల మిగతా వినియోగదారులకు నికరంగా లాభమని తేలే గంటలకే అది వర్తిస్తుంది. జనరేటర్ల సంఘం కోర్టుకు వెళ్తే 2016 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు 6–2తో ఉత్తర్వును నిలబెట్టింది.

మన దగ్గరా తలుపు తెరిచే ఉంది. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ (సీఈఆర్‌సీ) 2022లో తెచ్చిన యాన్సిలరీ సర్వీసుల (గ్రిడ్‌ను నిలకడగా ఉంచే సేవల) నిబంధనల్లో సెకండరీ రిజర్వు (ఫ్రీక్వెన్సీ తప్పినప్పుడు సరిచేసే ఏర్పాటు) కింద, కనీసం 1 మెగావాట్ తగ్గించగల వినియోగదారుడూ పాల్గొనవచ్చు. సంకేతం అందిన 30 సెకన్లలో స్పందన మొదలవ్వాలి, 15 నిమిషాల్లో పూర్తి స్థాయికి రావాలి, ఆ తర్వాత కనీసం 30 నిమిషాలు నిలబడాలి. డిస్కమ్‌లు (కరెంటు పంపిణీ సంస్థలు) కూడా తమ పరిధిలో ఇలాంటి ఒప్పందాలు చేసుకోవాలన్నది నా వాదన. కాదనేవాళ్లు లెక్కలతో రండి.

టారిఫ్ లెక్క:
లెక్కతోనే వస్తున్నాను. 745 మీద హార్వర్డ్ ప్రొఫెసర్ విలియం హోగన్ ఎత్తిన అభ్యంతరానికి ఇప్పటికీ గట్టి జవాబు రాలేదు. కరెంటు వాడని మిల్లుకు ఆ యూనిట్ బిల్లు ఎలాగూ మిగులుతుంది. దాని మీద మళ్లీ మార్కెట్ ధర మొత్తం ఇస్తే ఒకే యూనిట్‌కు రెండుసార్లు చెల్లించినట్టు.

తెలంగాణలో 11 కేవీ పరిశ్రమకు యూనిట్ 7.65 రూపాయలు అనుకుందాం. ఉదయం, సాయంత్రం పీక్‌లో ఇంకో రూపాయి కలిపి 8.65. కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో గరిష్ఠ ధర 10 రూపాయలు. ఆ గంటలో మిల్లు ఒక యూనిట్ తగ్గిస్తే డిస్కమ్‌కు 10 రూపాయల కొనుగోలు తప్పుతుంది, 8.65 ఆదాయం పోతుంది. మిగిలేది 1.35. లైన్ నష్టాలు కలిపితే కొంచెం పెరుగుతుంది, అంతే. 1.35 రూపాయల కోసం ఏ మిల్లు ఆగుతుంది? 10 ఇస్తే డిస్కమ్ నష్టాన్ని ఎవరి బిల్లులో వేస్తారు?

పైగా పరిశ్రమ క్రాస్ సబ్సిడీ కట్టే, అంటే ఇతరుల రాయితీ భారాన్ని తన ఎక్కువ రేటుతో మోసే వినియోగదారుడు. డిస్కమ్ చిట్టచివరగా తగ్గించాలనుకునే లోడు అదే. పీక్ రేటు ఇంకా పెంచండి, తగ్గేవాడు తానే తగ్గుతాడు. 2024 ఏప్రిల్ నుంచి 10 కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు టైమ్ ఆఫ్ డే టారిఫ్ (గంటను బట్టి మారే రేటు) పెట్టాలని, పీక్ రేటు మామూలు రేటుకు కనీసం 1.2 రెట్లు ఉండాలని కేంద్రం నిబంధన తెచ్చింది. దాన్ని పూర్తిగా అమలు చేస్తే చాలు.

మిల్లు ఎలక్ట్రికల్:
లెక్క గారూ, మీరు 10 రూపాయలు అంటున్నది సీలింగ్ ధర. కొరత రోజున ఆ ధరకు కూడా సరుకు దొరకదు, అసలు సమస్య అదే. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో నిరంతరం నడిచే పరిశ్రమలను 50 శాతం లోడుకు పరిమితం చేశారు, మిగతా వాటికి అదనంగా వారానికో పవర్ హాలిడే పెట్టారు. ఆపగలిగిన యంత్రానికీ, ఆపితే పాడయ్యే యంత్రానికీ ఒకే శాతం. ఆ కోతలో ఎంత నష్టం జరిగిందో మీ 1.35లో ఎక్కడా కనిపించదు.

ఏది ఆగుతుందో, ఏది ఆగదో ప్లాంటు వాళ్లకు తెలుసు. సిమెంటులో కిల్న్ (ముడిసరుకు కాల్చే కొలిమి) ఆపకూడదు: ఇటుక లైనింగ్ దెబ్బతింటుంది, మళ్లీ వేడెక్కించడానికి రోజులు పడుతుంది. కానీ సైలోలో (నిల్వ గోపురంలో) సరుకు ఉంటే సిమెంట్ మిల్లును (పొడి చేసే యంత్రాన్ని) 15 నిమిషాల ముందస్తు కబురుతో ఆపొచ్చు. ఉత్పత్తి పోదు, రాత్రికి జరుగుతుంది. ఫెర్రో అల్లాయ్ ఫర్నేసును ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ దించి గంట, రెండు గంటలు తక్కువలో నడపొచ్చు. అంతకు మించితే పైన వేసిన ముడిసరుకు గట్టిపడుతుంది, ఎలక్ట్రోడ్ చల్లారి మళ్లీ లోడు ఎక్కించేటప్పుడు విరుగుతుంది. స్పిన్నింగ్ మిల్లును అడగనే వద్దు. దారం వడికే రింగు ఫ్రేములు ఒక్కసారిగా ఆగితే వేల దారాలు తెగుతాయి, అతుకులు వేయడానికే షిఫ్టులో సగం పోతుంది.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు తేలికని చాలామంది అనుకుంటారు. గది నిండి, తలుపులు మూసి ఉన్న నెలల్లో అది నిజం. ముందే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ చల్లబరిచి పెట్టుకుంటే కంప్రెసర్లు రెండు గంటలు ఆగినా సరుకుకు ఏమీ కాదు. కానీ మార్చి నుంచి మే దాకా వేడి సరుకు లోపలికి వస్తూనే ఉంటుంది, అప్పుడు ప్రతి కంప్రెసరూ నిండుగా తిరగాలి. కొరత కూడా సరిగ్గా ఆ నెలల్లోనే. ఏడాది పొడవునా ఒకే మెగావాట్ అంకె రాయించుకునే ఒప్పందం ఇక్కడే విఫలమవుతుంది.

కాలువ చివరి పొలం:
రాష్ట్రంలో అతిపెద్ద లోడు తగ్గింపు వ్యవసాయ ఫీడర్లదే, దానికి ఎవరూ పైసా ఇవ్వరు. ఆంధ్రప్రదేశ్‌లో 9 గంటల సరఫరాను ఏ గ్రూపుకు ఎప్పుడు ఇవ్వాలో సబ్‌స్టేషన్‌లో నిర్ణయిస్తారు, రైతు తన తడిని దాని వెంట జరుపుకుంటాడు. 50 హెర్ట్జ్ ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 49.4కు పడితే మొదటి దశ రిలేలు (ఆటోమేటిక్ స్విచ్చులు) ఫీడర్లను వాటంతటవే కోస్తాయి, ఏ ఊరినీ అడగవు. ఒకరికి కోత, ఒకరికి చెక్కు ఎందుకు?

హ్యూస్టన్ తెలుగు:
టెక్సాస్‌లో ఇదే వాదన బిట్‌కాయిన్ గనుల (బిట్‌కాయిన్ల కోసం నడిపే కంప్యూటర్ కేంద్రాల) మీద జరిగింది. 2023 ఆగస్టు ఎండల్లో రాక్‌డేల్‌లోని రయట్ కంపెనీకి 3.17 కోట్ల డాలర్ల క్రెడిట్లు వచ్చాయి. ఆ నెల తవ్వినవి 333 బిట్‌కాయిన్లే. ‘ఆపినందుకు 3 కోట్లు’ అని అందరూ కోప్పడ్డారు. విడదీసి చూస్తే అందులో సుమారు 2.42 కోట్లు, ముందే తక్కువ ధరకు దీర్ఘకాలిక ఒప్పందంలో కొని పెట్టుకున్న కరెంటును వాడకుండా తిరిగి అమ్మడం వల్ల వచ్చినవి. డిమాండ్ రెస్పాన్స్ (గ్రిడ్ అవసరానికి లోడు దించే) సేవ కింద వచ్చింది 74 లక్షల చిల్లర. ఈ రెంటినీ కలిపి మాట్లాడితే చర్చ దారి తప్పుతుంది.

ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు వరకు నెలకు ఒక్కో పీక్ 15 నిమిషాలను తీసుకుని, ఆ నాలుగింటిలో మీ వాడకాన్ని బట్టి వచ్చే ఏడాది ట్రాన్స్‌మిషన్ ఛార్జీ వేస్తారు. పెద్ద ఫ్యాక్టరీలు ఆ నిమిషాలను ఊహించి లోడు దించుతాయి. వాటికి ఎవరూ చెక్కు రాయరు, కానీ అవి తప్పించుకున్న ఖర్చు మిగతావాళ్ల మీద పడుతుంది. రేటు పెంచితే చాలు అనే లెక్క గారు దీన్ని చూడాలి. ధరతో నడిపే పద్ధతిలోనూ భారం చేతులు మారుతుంది.

పొలం గారి ప్రశ్నకు ఒక మాట. ఇక్కడ రెస్పాన్సివ్ రిజర్వులో (ఫ్రీక్వెన్సీ పడితే వెంటనే ఆదుకునే ఏర్పాటులో) డబ్బు తీసుకుని చేరిన పరిశ్రమ బ్రేకరు మీద అండర్ ఫ్రీక్వెన్సీ రిలే ఉంటుంది. మనకు 50 హెర్ట్జ్ ఎలాగో ఇక్కడ 60 అలాగ. 59.7కు పడితే అర సెకనులో ఆ లోడు తెగుతుంది. ఊళ్ల ఫీడర్లు కోయాల్సిన స్థాయి ఇంకా కిందే ఉంటుంది. డబ్బు తీసుకున్నవాడు ముందు తెగుతాడు, ఊరు మిగులుతుంది. మన దగ్గరా 49.4 కంటే పై మెట్టున ఇలాంటి లోడును పెట్టుకుంటే మీ ఫీడరుకే మేలు.

బ్లాక్ డేటా:
అసలు జబ్బు బేస్‌లైన్‌లో ఉంది. ‘ఎంత తగ్గించావు’ అని కొలవాలంటే ‘తగ్గించకపోతే ఎంత వాడేవాడివి’ అన్నది ఊహించాలి. ఆ ఊహను పెంచుకోవడం సులువు. అమెరికాలోని మెయిన్ (Maine) రాష్ట్రంలో రమ్‌ఫర్డ్ పేపరు మిల్లు 2007లో బేస్‌లైన్ లెక్కించే రోజుల్లో సొంత జనరేటరును తగ్గించి గ్రిడ్ నుంచి ఎక్కువ లాగింది. తర్వాత జనరేటరును మామూలుగా నడిపి, దాన్నే ‘తగ్గింపు’గా చూపింది. చివరకు కోటి డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది.

అందుకే ‘ఇంత తగ్గిస్తాను’ అని కాకుండా ‘పిలిస్తే ఇంతకు దిగుతాను’ అని రాయించుకోవాలి. అమెరికా తూర్పు ప్రాంతపు గ్రిడ్ సంస్థ పీజేఎం కెపాసిటీ మార్కెట్లో (అవసరానికి సిద్ధంగా ఉన్నందుకు చెల్లించే మార్కెట్లో) ఫర్మ్ సర్వీస్ లెవల్ అంటే అదే. మన హెచ్‌టీ (హై టెన్షన్) మీటర్లో 15 నిమిషాల బ్లాకుల డేటా ఉంది, కొత్త మీటరు అక్కర్లేదు. 5000 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ (డిస్కమ్‌తో ఒప్పుకున్న గరిష్ఠ లోడు) ఉన్న మిల్లు 3000కు దిగుతానని ఒప్పుకుంటే, పిలిచిన ప్రతి బ్లాకులోనూ 3000 లోపు ఉందా లేదా అని చూడటమే. ఏడాదికి 60 గంటలకు మించకుండా, ఒక్కో పిలుపు రెండు గంటలు, కబురు 30 నిమిషాల ముందు. డిమాండ్ ఛార్జీ నెలకు కేవీఏకు 475 రూపాయలు అనుకుంటే, బదులుగా ఆ 2000 కేవీఏ మీద అందులో సగం మాఫీ. ఏడాదికి 57 లక్షలు.

టారిఫ్ లెక్క:
60 గంటలు, 2000 కేవీఏ అంటే దాదాపు 2 మెగావాట్లు, అంటే 1.2 లక్షల యూనిట్లు. 57 లక్షలు భాగిస్తే యూనిట్ 47.50! నెలకు మెగావాట్‌కు 2.37 లక్షలు పడుతోంది. 2025లో రెండు గంటల బ్యాటరీ టెండర్లు 2 లక్షల చుట్టుపక్కల వచ్చాయి. బ్యాటరీ రోజూ పనిచేస్తుంది, మీ మిల్లు ఏడాదికి 60 గంటలే.

బ్లాక్ డేటా:
ఒప్పుకుంటున్నాను, సగం మాఫీ ఎక్కువే. కేవీఏకు 100 రూపాయలు పెట్టండి. నెలకు మెగావాట్‌కు లక్ష, బ్యాటరీలో సగం. యూనిట్‌కు 20 పడుతుంది. పని రాత్రికి జరుపుకునే సిమెంట్ మిల్లుకు గిట్టుతుంది, ఉత్పత్తి పోయే స్పిన్నింగ్‌కు గిట్టదు. అలా ఉండటమే సరి. పీజేఎంలా వేలం పెట్టి ధర తేల్చడం నాకు నచ్చదు. అక్కడ 2024–25కు రోజుకు మెగావాట్‌కు 28.92 డాలర్లు ఉన్నది మరుసటి ఏడాదికి 269.92 అయింది. ఆ ఊగిసలాటను నమ్మి ఏ ప్లాంటూ పరికరాలు కొనదు.

మీటర్ గది:
100 రూపాయల దగ్గర నాకూ అభ్యంతరం లేదు. డీజిల్ సంగతి మాత్రం ఒప్పందంలో రాయాలి. జనరేటరు వేసుకుని గ్రిడ్ లోడు దించితే మీటర్లో తగ్గింపులాగే కనిపిస్తుంది. లీటరుకు మూడున్నర యూనిట్ల లెక్కన డీజిల్ ఖర్చే యూనిట్‌కు 27, 28 దాటుతుంది కాబట్టి 20 రూపాయలకు ఎవరూ చేయరనుకోవచ్చు. కానీ పిలుపుకు దిగకపోతే పడే జరిమానా భయంతో చేస్తారు. అమెరికాలో ఎమర్జెన్సీ జనరేటర్లను ఏడాదికి 100 గంటలు ఇలా వాడుకోనిచ్చిన నిబంధనను 2015లో అప్పీలు కోర్టు కొట్టేసింది.

మిల్లు ఎలక్ట్రికల్:
తిరిగి ఎక్కించేటప్పటి సంగతి ఇంకా ఎవరూ రాయలేదు. రెండు గంటలు ఆగిన మోటార్లన్నీ ఒకేసారి వేస్తే ఆ 15 నిమిషాల బ్లాకులో 5000 దాటొచ్చు, దాటితే ఆ నెల పెనాల్టీ డిమాండ్ ఛార్జీ మొత్తం ప్రోత్సాహకాన్ని మింగేస్తుంది. ఊళ్లోని మిల్లులన్నీ అదే నిమిషానికి ఎక్కితే ఫీడరు మీద కొత్త పీక్ తయారవుతుంది. పిలుపు ముగింపు ఒక్కో ప్లాంటుకు ఒక్కో బ్లాకులో ఇవ్వాలి. లోపల పెద్ద మోటార్ల మధ్య కనీసం ఐదు నిమిషాల ఎడం ఉండాలి. బాల్ మిల్లు మోటారుకు గంటకు ఇన్ని స్టార్టులే అన్న హద్దు తయారీదారు ఇచ్చిన షీట్‌లో ఉంటుంది, దాన్నీ ఒప్పందానికి జతచేయాలి.

పవర్ ఫ్యాక్టర్ సరిచేయడానికి మోటార్లకు కలిపే కెపాసిటర్లు ఇంకో చిక్కు. ఫిక్స్‌డ్ కెపాసిటర్ బ్యాంకు లైన్లోనే ఉండిపోయి మోటార్లు ఆగితే పవర్ ఫ్యాక్టర్ లీడింగ్‌లోకి (అవసరానికి మించి ఎదురువైపుకు) పోతుంది, లీడింగ్‌నూ లెక్కించే కేవీఏహెచ్ మీటరుంటే వాడని కరెంటుకు బిల్లు పడుతుంది. మోటారు కాంటాక్టరుతో పాటే దాని కెపాసిటరూ తెగేలా వైరింగ్ మార్చాకే సంతకం పెట్టండి.