హైలిగెన్‌బ్లూట్ ఊళ్ళో ఫొటోకు మించి ఏముంది?

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉంటున్నాను. జూన్ నెలాఖరుకు అమ్మ వస్తోంది. ఆస్ట్రియాలో గ్రోస్‌గ్లాక్నర్ పర్వతం కింద ఉన్న ఈ ఊరు చూపిద్దామనుకుంటున్నాను. క్యాలెండర్లలో కనిపించే ఆ సూదిమొన గోపురం తప్ప వేరే ఏమైనా ఉందా? అమ్మకు మోకాళ్ళ నొప్పులు.

జవాబు: ఫొటో తీసుకుని తిరిగొస్తే ఊరు చూడనట్టే. పేరుకు అర్థమే ‘పవిత్ర రక్తం’. 914లో బ్రిక్సియస్ అనే డెన్మార్క్ మనిషి క్రీస్తు రక్తం ఉన్న సీసాను కాన్‌స్టాంటినోపుల్ నుంచి తెస్తూ, ఇక్కడ మంచుచరియ కింద పడి చనిపోయాడట. కాలి పిక్క కోసి, సీసాను అందులో దాచుకున్నాడట! మంచులో మూడు గోధుమ వెన్నులు మొలిస్తే తవ్వి తీశారని కథ. నమ్మడం మీ ఇష్టం. 1491లో ప్రతిష్ఠించిన చర్చి మాత్రం కళ్ళెదుటే ఉంది. నన్ను కదిలించింది బయట శ్మశానంలోని లోహపు పుస్తకం. పర్వతం మీద ప్రాణాలు పోయినవారి పేర్లు దాని రేకుల మీద ఉంటాయి. రేకు తిప్పితే వేళ్ళు జిల్లుమన్నాయి.

మరో జవాబు: జూన్ 28న ఫెర్లైటెన్ నుంచి హోఖ్‌టోర్ కనుమ దాటి భక్తులు నడిచి వస్తారు. మీరు కారులో వెళ్ళండి. 1935లో తెరిచిన ఘాట్ రోడ్డుకు టోల్ ఉంది, చలికాలంలో మూసేస్తారు. బ్రిక్సియస్ సమాధి చర్చి కింది గదిలో ఉంది, మెట్లు దిగాలి.

ప్రశ్న అడిగినవారు: కథ ఫోనులో చెప్పాను. “మెట్లు నేను దిగుతాలే, ముందు ఆ గోధుమల సంగతి చెప్పు” అంటోంది అమ్మ.