రియో గ్రాండే వ్యాలీ కోవిడ్ మరణాలు: వయసు సర్దుబాటు దగ్గర ఆగిపోయాను

టెక్సస్ దక్షిణ కొసన ఉన్న హిడాల్గో, క్యామరన్, స్టార్, విలసీ కౌంటీల్లో 2020, 2021 కోవిడ్ మరణాల రేటును హిస్పానిక్‌లకూ (లాటిన్ అమెరికా, స్పానిష్ మూలాలున్నవాళ్లు), హిస్పానిక్ కాని తెల్లవాళ్లకూ మధ్య పోల్చాలి. డేటా అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ నడిపే ఆన్‌లైన్ మరణాల డేటాబేస్ ‘వండర్’ది. మరణానికి మూలకారణం కోడ్ యూ07.1 (అంటే కోవిడ్), పదేళ్ల వయసు గ్రూపులు, ప్రామాణిక జనాభా 2000 నాటి అమెరికాది.

వయసు సర్దుబాటు, అంటే రెండు వర్గాల్లోనూ వయసుల పొందిక ఒకేలా ఉన్నట్టు లెక్కించడం, చేయకపోతే లెక్క మోసం చేస్తుంది. హిస్పానిక్‌లలో చిన్న వయసువాళ్లు ఎక్కువ కాబట్టి అసలు తేడా దాగిపోతుంది. దేశం మొత్తం మీద 2020 ఒక్క ఏడాదిలోనే హిస్పానిక్‌ల ఆయుర్దాయం దాదాపు నాలుగేళ్లు పడిపోయింది మరి.

ఇబ్బంది ఎక్కడంటే, పట్టికలో 10 కంటే తక్కువ మరణాలున్న గడిని వండర్ చూపించదు. 20 లోపు ఉంటే రేటును నమ్మదగనిదంటుంది. స్టార్‌లో 90 శాతానికి పైగా హిస్పానిక్‌లే కాబట్టి తెల్లవాళ్ల గడులు దాదాపు అన్నీ ఖాళీ. విలసీ మరీ చిన్నది.

రెండేళ్లనూ కలిపి చూశాను, 25-34, 35-44 గ్రూపులను ఒకటి చేశాను. అయినా ఖాళీలు మిగిలాయి. వాటిలో 0 పెడితే ఒక ఫలితం, 9 పెడితే ఇంకొకటి. కుర్రవాళ్ల మరణాల్లోనే తేడా బాగా కనిపించాలి, సరిగ్గా అవే గల్లంతు.

నాలుగు కౌంటీలనూ ఒకే ప్రాంతంగా కలిపి ప్రత్యక్ష సర్దుబాటు (ఇక్కడి వయసువారీ రేట్లను ప్రామాణిక జనాభాకు వర్తింపజేయడం) చేయాలా, లేక టెక్సస్ రేట్లు ఆధారంగా పరోక్ష పద్ధతిలో ఎస్ఎంఆర్ (ఆ రేట్ల ప్రకారం రావాల్సిన మరణాలతో అసలు మరణాల నిష్పత్తి) లెక్కించాలా? ఇలాంటి డేటాతో పనిచేసినవాళ్లు చెప్పగలరా?