రష్యా అందాల రాణులను మెచ్చుకోవడమంటే సంప్రదాయ స్త్రీత్వాన్ని మెచ్చుకోవడమేనా?

నీలికలువ (ప్రశ్న):

2008 డిసెంబరులో జోహాన్నెస్‌బర్గ్‌లో మిస్ వరల్డ్ తుది పోటీ జరిగిన రాత్రి మా ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని, కిరీటం మన పార్వతీ ఓమనకుట్టన్‌కే దక్కాలని కోరుకున్నాం. ఆమె రెండో స్థానంలో ఆగిపోయింది, రష్యా అమ్మాయి క్సేనియా సుఖినోవా గెలిచింది. మా వాళ్లు ఉసూరుమంటూ లేచి పడుకోవడానికి వెళ్లిపోయారు కానీ, నేను మాత్రం ఆమె నిటారుగా నిలబడిన తీరును, తొందర లేని నడకను, తల కాస్త వంచి కిరీటం పెట్టించుకున్న పద్ధతిని చూస్తూ అక్కడే ఉండిపోయాను. ఆనాటి నుంచి రష్యా నుంచి వచ్చిన విజేతలందరి గురించీ ఇష్టంగా చదువుతున్నాను. ఆ ఇష్టాన్ని దాచుకోవలసిన అవసరం నాకు ఎన్నడూ కనిపించలేదు.

ఈ మధ్య మాత్రం ఒక విషయం బాధిస్తోంది. వారి ఫొటోలను పెట్టి, “అసలైన ఆడతనం ఇది, అణకువ అంటే ఇది, మన అమ్మాయిలు చూసి నేర్చుకోవాలి” అని రాసేవారు ఎక్కువయ్యారు. నాకు నచ్చినదీ వారు పొగుడుతున్నదీ ఒకటేనా? రష్యన్లు స్త్రీత్వం అన్నప్పుడు వారి మనసులో ఉండేది ఏమిటి? అక్కడి సంగతులు తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాతపుస్తకాలు:

నీలికలువ గారూ, ఈ కథను 1988 నుంచి చెప్పుకోవాలి. ఆ ఏడాది వేసవిలో మాస్కోలో “మాస్కో సుందరి” పోటీ పెట్టినప్పుడు 16 ఏళ్ల మరియా కలీనినా గెలిచింది. మరుసటి ఏడాది దేశమంతటికీ కలిపి మిస్ యూఎస్ఎస్ఆర్ పోటీ జరిపి, 17 ఏళ్ల యూలియా సుఖానోవాకు కిరీటం పెట్టారు. అంతకుముందు దశాబ్దాలపాటు సోవియట్ స్త్రీకి ఆదర్శంగా చూపించినది ట్రాక్టరు నడిపిన పాషా ఆంగెలినాను, 1963లో అంతరిక్షంలోకి వెళ్లిన వలెంతీనా తెరిష్కోవాను. ఆ ఆదర్శం గొప్పదే, అందులో నాకు సందేహం లేదు. అయితే ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకున్న స్త్రీ ఆ తర్వాత దుకాణం ముందు వరుసలో నిలబడి, ఇంటికి వచ్చి వంట చేసి, బట్టలు ఉతికి, పిల్లలను పడుకోబెట్టేది. ఇంటి చాకిరీలో ఆమెకు సమానత్వం అందలేదు.

అందుకే 1980ల చివర స్త్రీత్వం అనే మాట తిరిగి వినబడినప్పుడు దానికి రెండు అర్థాలు వచ్చాయి. 1987లో గోర్బచేవ్ స్త్రీకి ఆమె సహజ కర్తవ్యాన్ని తిరిగి అప్పగించడం గురించి రాశారు, అంటే పాలకుల దృష్టిలో అది ఇంటికి తిరిగి వెళ్లడం. స్త్రీలు మాత్రం కాస్త ఊపిరి తీసుకుని, అద్దం ముందు పది నిమిషాలు నిలబడి, తమకు నచ్చిన గౌను తొడుక్కోవడాన్ని ఆ మాటలో చూసుకున్నారు. అదే 1987లో బుర్దా అనే జర్మన్ కుట్టు పత్రిక రష్యన్ భాషలో రావడం మొదలైంది. దానిలోని నమూనా కాగితాలను చుట్టుపక్కల వారంతా అరువు తెచ్చుకుని, గీసుకుని, దొరికిన గుడ్డతో కుట్టుకునేవారు. ఆ మొదటి పోటీలను చూసిన కళ్లలో ఉన్నది ఆ ఆకలి.

ఇంకొక మాట. మాస్కోలో తెలుగులోకి అనువాదమై విశాలాంధ్ర దుకాణాల్లో దొరికిన రష్యన్ జానపద కథలతో పెరిగినవారికి వసిలీస గుర్తుండే ఉంటుంది. ఆమె పేరుకు ముందు ఒక కథలో “సుందరి” అని, మరొక కథలో “ప్రజ్ఞావతి” అని చేరుస్తారు. సుందరి వసిలీస కూడా అందంతో గెలవదు, బాబా యాగా అనే మంత్రగత్తె గుడిసెకు ఒంటరిగా వెళ్లి, చెప్పిన పనులన్నీ ముగించి, నిప్పు తెచ్చుకుంటుంది. “అందంగా పుట్టకు, అదృష్టవంతురాలిగా పుట్టు” అని వారి సామెత కూడా ఉంది. అణకువనే స్త్రీత్వమనుకునేవారు ఆ సంప్రదాయాన్ని సగమే చదివారని నా అభిప్రాయం.

ఉత్తరగాలి:

నేను రష్యాలో ఆరేళ్లు వైద్యం చదివాను, మా బ్యాచ్‌లో తెలుగు విద్యార్థులు చాలామందే ఉండేవారు. చివరి రెండేళ్లూ అరవై దాటిన ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉన్నాను. మీరు అడిగినదాన్ని నేను ఆమెలో చూశాను కాబట్టి అదే చెబుతాను.

జనవరిలో ఒక సాయంత్రం ఆమె నన్ను బ్యాలే చూపించడానికి తీసుకువెళ్లారు. బయట మైనస్ ఇరవై. థియేటరులోకి అడుగుపెట్టగానే కోట్లు అప్పగించే చోట ఆడవాళ్లంతా బల్లల మీద కూర్చుని మంచు అంటిన బూట్లు విప్పి, వెంట తెచ్చుకున్న గుడ్డసంచుల్లోంచి ఎత్తుమడమల చెప్పులు తీసి తొడుక్కుంటున్నారు. మా ఇంటి పెద్దావిడ కూడా అలాగే చేసి, బూట్లను సంచిలో పెట్టి కోటుతో పాటు అప్పగించి, అద్దంలో జుట్టు సవరించుకుని, నా వైపు తిరిగి చెయ్యి అందించారు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మనిషి. “ఎందుకండీ ఇంత శ్రమ, బూట్లతోనే రావచ్చు కదా” అంటే, అక్కడ నాట్యం చేసేవారు ఇంత కష్టపడి సిద్ధమై వస్తే మనం బురద కాళ్లతో వెళ్లడం మర్యాద కాదన్నారు. ఆమె దృష్టిలో ముస్తాబు ఎదుటివారికి ఇచ్చే గౌరవం. ఎవరికో లొంగి ఉండటమన్న భావన ఆ మాటలో లేశమైనా లేదు.

యవ్వనంలో తాము వాడిన “లెనిన్‌గ్రాద్‌స్కయా” మస్కారా గురించి కూడా ఆమె చెప్పారు. చిన్న డబ్బాలో నల్లటి గట్టి దిమ్మ ఉండేదట. దానిపై ఉమ్మి, బ్రష్‌తో అరగదీసి, కనురెప్పలకు పట్టించి, అతుక్కున్న వెంట్రుకలను సూదిమొనతో ఒక్కొక్కటిగా విడదీసుకునేవారట. అలా ముస్తాబై ఎనిమిది గంటలకల్లా ఆసుపత్రి ప్రయోగశాలలో మైక్రోస్కోపు ముందు ఉండేవారు. అటువంటి అమ్మల కూతుళ్లే మీరు వేదిక మీద చూసిన అమ్మాయిలు. సుఖినోవానే తీసుకోండి, పశ్చిమ సైబీరియాలో చమురు పట్టణమైన నిజ్నెవార్తోవ్‌స్క్‌లో పుట్టి, చిన్నప్పుడు బయాథ్లాన్ సాధన చేసి, త్యుమేన్‌లో చమురు, గ్యాస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంది. భుజాన తుపాకి వేసుకుని మంచు మీద స్కీలతో పరుగెత్తే ఆట అది. మీకు నచ్చిన ఆ నిటారుతనంలో ఆ సాధన కూడా ఉండవచ్చు.

తూర్పుగట్టు:

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూనే, ఒక్సానా ఫ్యోదరోవా పేరు రానందుకు ఆశ్చర్యపోతున్నాను. ప్స్కోవ్‌లో పుట్టిన ఆమె పోలీసు చదువు చదివి, పోలీసు ఉద్యోగంలో ఉంటూ, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హోంశాఖ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతుండగా 2002 మేలో మిస్ యూనివర్స్ అయింది. రష్యాకు ఆ కిరీటం దక్కడం అదే మొదటిసారి. నాలుగు నెలలు తిరగకముందే ఆ కిరీటం పనామాకు చెందిన జస్టీన్ పాసెక్‌కు వెళ్లింది. ఒక్సానా విధులు నిర్వర్తించలేకపోయిందని నిర్వాహకులు అన్నారు, చదువు కోసం తానే వదులుకున్నానని ఆమె చెప్పింది. ఏది నిజమైనా, ఆమె రష్యాకు తిరిగి వచ్చి చదువు కొనసాగించింది, తర్వాత అక్కడి పిల్లలు నిద్రపోయే ముందు చూసే టీవీ కార్యక్రమానికి వ్యాఖ్యాతగా ఇంటింటికీ తెలిసిన మనిషి అయింది. ఫొటోలు పెట్టి అణకువ పాఠాలు చెప్పేవారు ఆమె పోలీసు దుస్తుల్లో ఉన్న ఫొటోను ఎందుకు పెట్టరో ఆలోచించండి.

సంప్రదాయం అన్న మాటకు మరో ముఖం కూడా ఉంది, దానిని దాటవేయకూడదు. 2013లో మిస్ రష్యాగా ఎల్మీరా అబ్ద్రజాకోవా ఎంపికైంది. తండ్రి తాతార్ జాతివాడు కావడంతో, ఈమె రష్యా అందానికి ప్రతినిధి ఎలా అవుతుందంటూ ఇంటర్నెట్‌లో ఆమెను దారుణంగా దూషించారు. వందకు పైగా జాతులున్న దేశంలో ఒక్క పోలికనే అసలైన స్త్రీత్వమనడం ఆమె పట్ల అన్యాయం. 2025 మేలో మన హైదరాబాదులో మిస్ వరల్డ్ జరిగినప్పుడు రామప్ప గుడి దగ్గర పోటీదారుల కాళ్లకు స్థానిక స్త్రీలు నీళ్లు పోయడం గురించి ఎంత వివాదమైందో గుర్తుందా? సంప్రదాయం పేరు చెప్పినప్పుడు ఆ బరువు ఏ స్త్రీ మీద పడుతోందో చూడాలి.

నీలికలువ:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆ రాత్రి నన్ను కట్టిపడేసిన దానికి అణకువ అన్న పేరు సరిపోదని ఇప్పుడు గట్టిగా చెప్పగలను. ఎల్మీరా సంగతి తెలియదు, చదివి బాధ కలిగింది, ఆమె గురించి ఇంకా వెతికి చదువుతాను. ఉత్తరగాలి గారూ, ఆ పెద్దావిడ చెప్పుల సంచి ఎలా ఉండేదో గుర్తుందా? నాకూ ఒకటి కుట్టుకోవాలనిపిస్తోంది.

ఉత్తరగాలి:

బాగా గుర్తుందండీ. ముదురు ఆకుపచ్చ వెల్వెట్, పాత కర్టెన్‌లో మిగిలిన ముక్క. లోపల తెల్లటి నూలు అస్తరు వేసి, పైన మూతికి బూటు లేసు దూర్చారు.