చెదలు బొద్దింకల్లో భాగమా? ఐసోప్టెరా విడి క్రమంగా ఉండాలా?

ఆరుకాళ్లు: డిగ్రీ జువాలజీ చదువుతున్నాను. మా పుస్తకంలో చెదపురుగులది ఐసోప్టెరా అనే విడి క్రమం (ఆర్డర్). కొత్తగా వస్తున్న వ్యాసాల్లో మాత్రం వాటిని బొద్దింకలతో కలిపి, బొద్దింకల క్రమమైన బ్లాటోడియాలో చూపిస్తున్నారు. కీటకాల పెట్టెకు లేబుళ్లు రాయాలి. ఏది పాటించాలి? బొద్దింకకూ చెదకూ నాకైతే ఒక్క పోలికా కనబడటం లేదు.

చేనుగట్టు: విడిగానే ఉండాలి. నేను రైతులతో పనిచేసేవాడిని. వేరుశనగ, చెరకు చేలల్లో వేర్లు తినేసే పురుగును చూపించి ‘ఇది బొద్దింక జాతే’ అంటే ఎవరికి ఉపయోగం? వర్గీకరణ అనేది పురుగును గుర్తుపట్టడానికి పనికిరావాలి. తొలకరికి వచ్చే ఉసిళ్లను చూడండి. నాలుగు రెక్కలూ ఒకే కొలతలో ఉంటాయి. స్పర్శశృంగాలు, అంటే తల మీది మీసాలు, పూసలు గుచ్చినట్టుంటాయి. బొద్దింకకు ముందు రెక్కలు మందం, వెనకవి పల్చగా, వెడల్పుగా మడతపడతాయి. పైగా రాజు, రాణి, కూలీలు, సిపాయిలు అని పని పంచుకునే బొద్దింక ఎక్కడుంది?

పుట్టమన్ను: పని పంచుకోవడమే కొలబద్ద అయితే చెదలను చీమల పక్కన పెట్టాలి అండి. అలా ఎవరూ పెట్టరు, ఎందుకంటే రెండూ పెరిగే తీరే వేరు. చీమది సంపూర్ణ రూపవిక్రియ: గుడ్డు, కాళ్లు లేని లార్వా, ప్యూపా, ఆ తర్వాతే చీమ. చెద గుడ్డులోంచి బయటపడేసరికే ఆరు కాళ్లతో చిన్న చెదలా ఉంటుంది, కుబుసం విడుస్తూ పెరుగుతుంది. బొద్దింక పిల్లా అంతే. చీమల్లో కూలీలన్నీ ఆడవే. చెదల కూలీల్లో ఆడా మగా రెండూ ఉంటాయి, రాజు కూడా రాణితోపాటే బతుకుతాడు.

ఇక పోలికలు. అమెరికా, చైనా, కొరియా అడవుల్లో క్రిప్టోసెర్కస్ అనే రెక్కల్లేని బొద్దింక ఉంది. పుచ్చిన దుంగల్లో తల్లీ తండ్రీ పిల్లలూ ఏళ్ల తరబడి కలిసి ఉంటాయి, కలపే తింటాయి. ఆ కలపను అరిగించేది వాటి పేగుల్లోని ఏకకణ జీవులు. అవి చాలా చెదల పేగుల్లో ఉండే రకాలేనని 1934లోనే శాస్త్రవేత్త క్లీవ్‌ల్యాండ్ బృందం చూపించింది.

నాకు అన్నిటికంటే గట్టిగా తోచేది ఇది: కీటకం కుబుసం విడిచినప్పుడు పేగు చివరి భాగంలోని లోపలి పొర కూడా ఊడిపోతుంది. దాంతో చెద పేగులోని ఆ జీవులూ పోతాయి. మళ్లీ గూటిలోని ఇంకో చెద నుంచి తీసుకోవాల్సిందే. అంటే ఒంటరిగా బతికే వీలే లేదు. మీరు చెప్పే రాజు, రాణి, సిపాయిల కాపురానికి ఒక మూలం ఈ అవసరంలోనే ఉందని నా నమ్మకం.

ఉత్తర ఆస్ట్రేలియాలోని మాస్టోటెర్మిస్ అనే చెదను చూశారా? బొద్దింక గుడ్ల సంచిలాగే గుడ్లను వరుసల్లో అతికించి పెడుతుంది. వెనక రెక్కకు బొద్దింకలో మాదిరి మడతపడే భాగం ఉంది. బొద్దింకల కొవ్వు కణాల్లో ఉండే బ్లాటాబాక్టీరియం అనే బాక్టీరియా కూడా దానిలో ఉంది.

చేనుగట్టు: ఆస్ట్రేలియా సంగతి సరే. మన చేలల్లో ఉండే ఒడొంటోటెర్మిస్ అనే చెద పేగుల్లో ఆ ఏకకణ జీవులు లేవు కదా? మీ వాదన దానికెలా సరిపోతుంది?

పుట్టమన్ను: లేవు, పూర్వీకుల దగ్గరే పోయాయి. ఆ పని ఇప్పుడు పుట్టలో పెంచే బూజు చేస్తోంది. వానలకు పుట్టల మీద లేచే టెర్మిటోమైసిస్ పుట్టగొడుగులు ఆ బూజువే. డీఎన్‌ఏ ప్రకారం ఈ చెదలు చెదల కొమ్మలోనే చివర్న చీలాయి. క్రిప్టోసెర్కస్‌కు వంటింటి బొద్దింక కంటే చెదే దగ్గరి చుట్టం. దగ్గరి చుట్టాన్ని బయటపెట్టి దూరపువాటితో ఒక క్రమం కట్టడం నాకు సమ్మతం కాదు.

నల్లబల్ల: చుట్టరికం మీద ఇప్పుడు పెద్దగా గొడవ లేదు. గొడవ హోదా మీద, అంటే చెదలు క్రమమా, దాని కింది మెట్టైన కుటుంబమా అన్నదాని మీద. 2007లో ఇన్‌వర్డ్, బెకాలొనీ, ఎగల్టన్ అనే శాస్త్రవేత్తలు చెదలను ఒకే కుటుంబంగా దించేయాలన్నారు. అదే ఏడాది ‘లో’ (Lo) అనే శాస్త్రవేత్త, తదితరులు అడ్డుచెప్పారు. అలా చేస్తే అప్పటికే ఉన్న చెదల కుటుంబాలన్నీ ఉపకుటుంబాలైపోయి, దశాబ్దాల రచనల్లోని పేర్లు తారుమారవుతాయి. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే చాలామంది బ్లాటోడియా లోపల కుటుంబాలను కదపకుండా ఉంచుతున్నారు, కొందరు ఐసోప్టెరా పేరునూ కింది హోదాలో వాడుతున్నారు. జంతు నామకరణ నియమావళి క్రమాల పేర్లను శాసించదు, కాబట్టి ‘రద్దయింది’ అని ఎవరూ తీర్పు ఇవ్వలేరు. లేబుల్ మీద బ్లాటోడియా రాసి, కింద ఐసోప్టెరా రాయమ్మా. పరీక్షలో మాత్రం సిలబస్‌లో ఏముందో అదే రాయి.

చేనుగట్టు: రైతులకిచ్చే కరపత్రంలో నేను చెదలు అనే రాస్తాను, బొద్దింకల ఊసెత్తను. పెట్టెలో మీ ఇష్టం.

ఆరుకాళ్లు: థాంక్యూ సార్. రెండు పేర్లూ రాస్తాను. చీమల పక్కన పెట్టిన ఉసిళ్లను తీసి బొద్దింకల వరుసలోకి మారుస్తున్నాను. పేలను కూడా ఇలాగే వేరే క్రమంలో కలిపారని చదివాను, దాని మీద ఇంకో ప్రశ్న పెడతాను.