ఓవర్‌కరెంట్ రిలే: సెకండరీ ఇంజెక్షన్ రిపోర్ట్ చాలా, ప్రైమరీ కూడా చేయించాలా?

మిల్లు_మెయింటెనెన్స్ (గుంటూరు జిల్లా)

మా స్పిన్నింగ్ మిల్లులో కొత్తగా 11 కేవీ వీసీబీ (వాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్) ప్యానెల్ పెట్టాం. దాని కింద 1600 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 11/0.433 కేవీ. ఫుల్ లోడ్ 11 కేవీ వైపు 84 ఆంపియర్లు. సీటీలు (పెద్ద కరెంట్‌ని రిలేకి తగ్గించి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) 200-100/1, ప్రొటెక్షన్ కోర్ (రిలేకి కరెంట్ ఇచ్చే భాగం) 5పీ10 తరగతి, మేం వాడుతున్నది 100/1 ట్యాప్. ఫాల్ట్ వస్తే బ్రేకర్‌ని ట్రిప్ చేయించేది న్యూమరికల్ (డిజిటల్) రిలే. ఓవర్‌కరెంట్ 0.9, అంటే 90 ఆంపియర్లు. ఎర్త్ ఫాల్ట్ 0.2, అంటే 20 ఆంపియర్లు. రెండింటికీ స్టాండర్డ్ ఇన్వర్స్ కర్వ్ (కరెంట్ పెరిగేకొద్దీ త్వరగా ట్రిప్), టీఎంఎస్ (టైమ్ మల్టిప్లయర్ సెట్టింగ్) 0.1.

కాంట్రాక్టర్ తరఫు మనిషి వచ్చి టెస్ట్ టెర్మినల్ బ్లాక్ దగ్గర కిట్ పెట్టి సెకండరీ ఇంజెక్షన్ చేశాడు, అంటే సీటీని వదిలి నేరుగా రిలేకి కరెంట్ పంపాడు. సెట్టింగ్‌కి రెండు రెట్ల కరెంట్ దగ్గర 1.01 సెకన్లు, ఐదు రెట్ల దగ్గర 0.43 వచ్చింది. కర్వ్ లెక్క వేస్తే రావాల్సింది 1.00, 0.43. అంటే రిలే బాగున్నట్టే. ప్రైమరీ ఇంజెక్షన్ (సీటీలోంచే అసలు కరెంట్ పంపి చూడటం) సంగతేంటని అడిగితే, సీఈఐజీ (ప్రభుత్వ చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్) ఫైల్‌కి ఇది చాలు సార్, అది కావాలంటే వేరే కిట్ తేవాలి, వేరే చార్జీ అవుతుంది అన్నాడు. యాజమాన్యం ఆ ఖర్చు ఎందుకంటోంది. నాకైతే మనసు ఒప్పుకోవడం లేదు. ఫీల్డులో చేసినవాళ్లు చెప్పండి, నిజంగా అవసరమా?

రిలే_కిట్ (విశాఖ)

నేను చేసే పనే ఇది, కాబట్టి సూటిగా చెప్తాను. ప్రతి చిన్న హెచ్‌టీ సర్వీసుకీ ప్రైమరీ ఇంజెక్షన్ అక్కర్లేదు. సీటీకి విడిగా రేషియో టెస్ట్, పోలారిటీ టెస్ట్, మాగ్నెటైజేషన్ టెస్ట్ (కోర్ ఎక్కడ శాచురేట్ అవుతుందో, అంటే ఎక్కడ నిండిపోతుందో చూసేది), మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్ష) చేస్తాం. సీటీ నుంచి ప్యానెల్ దాకా వైరింగ్ కంటిన్యుటీ చూస్తాం. రిలేకి సెకండరీ ఇంజెక్షన్ చేస్తాం. ముక్కలన్నీ బాగుంటే మొత్తం బాగున్నట్టే కదా.

పైగా న్యూమరికల్ రిలే అయితే ఛార్జ్ చేసి కాస్త లోడ్ ఎక్కగానే మూడు ఫేజుల కరెంట్, రెసిడ్యువల్ కరెంట్ (మూడు ఫేజులూ కలిపితే మిగిలేది) డిస్‌ప్లే మీదే కనిపిస్తాయి. తప్పు ఉంటే అక్కడే దొరుకుతుంది. బరువైన కిట్‌ని లారీలో తెచ్చి బస్‌బార్‌కి లావు కేబుళ్లు బిగించి 100 ఆంపియర్లు పంపితే కొత్తగా తెలిసేది ఏముంది?

ఎంఆర్టీ_రిటైర్డ్ (ఏలూరు)

బాబూ విశాఖ, ముక్కలన్నీ బాగుంటే మొత్తం బాగున్నట్టే అన్నావు చూడు, గొడవంతా అక్కడే ఉంది. ఒక్కో ముక్కనీ టెస్ట్ చేయడానికి వైరు విప్పుతాం. టెస్ట్ అయ్యాక మళ్లీ కడతాం. ఆ చివరిసారి కట్టినదాన్ని ఎవరూ టెస్ట్ చేయరు. సర్వీసంతా డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) ఎంఆర్టీ వింగ్‌లో, అంటే మీటర్లు, రిలేలు టెస్ట్ చేసే విభాగంలో చేసినవాణ్ణి. రిలే లోపల చెడిపోయి పని చేయనివి తక్కువ. వైరు, లింకు, ట్యాప్ తప్పుపడి పని చేయనివే ఎక్కువ చూశాను.

మిల్లు వారి కేసే తీసుకోండి. సీటీ బాక్సులో ఎస్1, ఎస్2, ఎస్3 అని మూడు టెర్మినళ్లు ఉంటాయి. ఎస్1-ఎస్2 మధ్య 100/1, ఎస్1-ఎస్3 మధ్య 200/1. వైరుని ఎస్3 మీద కట్టారనుకోండి. రిలే సగం కరెంటే చూస్తుంది. 90 దగ్గర పికప్ కావాల్సింది (రిలే కదలాల్సింది) 180 దగ్గర అవుతుంది. సెకండరీ ఇంజెక్షన్‌లో మాత్రం 1.01, 0.43 అచ్చంగా అలాగే వస్తాయి, ఎందుకంటే ఆ కరెంట్ సీటీలోంచి రాలేదు, మీ కిట్‌లోంచి వచ్చింది.

ఇంకో తప్పు. వాడని ట్యాప్ ఓపెన్‌గా ఉంటే ప్రమాదమని ఎస్2-ఎస్3 షార్ట్ చేసేవాళ్లు ఉన్నారు. ఒకే కోర్ మీద ఒక భాగాన్ని షార్ట్ చేస్తే సీటీ మొత్తం షార్ట్ అయినట్టే. ట్యాపుల సీటీలో వాడని ట్యాప్‌ని ఓపెన్‌గానే వదలాలి. వాడని కోర్ వేరు, దాన్ని షార్ట్ చేయాల్సిందే. ఈ రెంటినీ కలిపేసుకుంటారు.

ఇక పోలారిటీ. ఒక ఫేజు సీటీ తిరగబడితే బ్యాలెన్స్ లోడ్‌లో కూడా రెసిడ్యువల్ సున్నా రాదు, ఫేజు కరెంట్‌కి రెట్టింపు వస్తుంది. ఎర్త్ ఫాల్ట్ 20 ఆంపియర్లకి పెట్టారు కాబట్టి లోడ్ 10 దాటిందంటే చాలు, ట్రిప్. ఛార్జ్ చేస్తే నిలబడుతుంది, మిషన్లు స్టార్ట్ చేయగానే పడిపోతుంది. అప్పుడు ఏం చేస్తారో కూడా చూశాను. కేబుల్‌కి మెగ్గర్ పెడతారు, ట్రాన్స్‌ఫార్మర్‌ని అనుమానిస్తారు, చివరికి విసుగొచ్చి ఎర్త్ ఫాల్ట్ సెట్టింగ్ పెంచేస్తారు. అప్పటినుంచి ఆ ప్యానెల్‌కి ఎర్త్ ఫాల్ట్ రక్షణ పేరుకే.

రిలే_కిట్ (విశాఖ)

గురువుగారూ, మీరు చెప్పిన తప్పులన్నీ జరుగుతాయి, కాదనను. కానీ పోలారిటీకి బ్యాటరీ టెస్ట్ ఉంది. ప్రైమరీలో పీ1 వైపు ప్లస్ పెట్టి టార్చి సెల్‌ని ఒక్కసారి తగిలిస్తే ప్యానెల్ దగ్గర ముల్లు మీటర్ ఎటు కదిలిందో తెలిసిపోతుంది. వైర్లన్నీ కట్టేశాక కూడా చేయొచ్చు. ఖర్చు లేదు.

ఇంకో మాట. ప్రైమరీ ఇంజెక్షన్ చేస్తే అన్నీ దొరుకుతాయన్న నమ్మకం కూడా ప్రమాదమే. మీటరింగ్ కోర్, ప్రొటెక్షన్ కోర్ తారుమారైతే? 50 ఆంపియర్లు పంపినా 100 పంపినా రెండు కోర్లూ ఒకేలా చూపిస్తాయి. ఫాల్ట్ వచ్చినప్పుడే తేడా బయటపడుతుంది. మీటరింగ్ కోర్‌ని మీటర్ కాలిపోకుండా త్వరగా శాచురేట్ అయ్యేలా చేస్తారు, కాబట్టి రిలేకి అందాల్సిన కరెంట్ అందదు. అది మాగ్నెటైజేషన్ టెస్టులోనే పట్టుబడుతుంది, లక్ష రూపాయల ప్రైమరీ కిట్ తెచ్చినా పట్టుబడదు.

దోహా_కమిషనింగ్

నేను ఖతర్‌లో సబ్‌స్టేషన్ కమిషనింగ్‌లో ఉన్నాను. మాది రాజమండ్రి. ఇక్కడ మేం చేసే పద్ధతిలో ఈ రెండిట్లో ఏది అన్న ప్రశ్నే రాదు. మాగ్నెటైజేషన్ కర్వ్ తీసి ఫ్యాక్టరీ రిపోర్ట్‌తో పోలుస్తాం, సెకండరీ చేస్తాం, ఆ తర్వాత ప్రైమరీ. క్లయింట్ ఇంజినీర్ పక్కన నిలబడి చూసి సంతకం పెడితేనే తర్వాతి మెట్టు. విశాఖ అన్న చెప్పిన కోర్ల తారుమారు సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. అయితే అది మాగ్నెటైజేషన్ టెస్ట్ కూడా చేయాలనడానికి కారణం అవుతుందిగానీ, ప్రైమరీ వద్దనడానికి కాదు.

ఛార్జ్ చేశాక డిస్‌ప్లేలో చూసుకోవచ్చన్న వాదనతో మాత్రం ఒప్పుకోలేను. లోడ్ ఎక్కేదాకా ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడుతున్నది ఏది? కొత్త కేబుల్, కొత్త టెర్మినేషన్, కొత్త ట్రాన్స్‌ఫార్మర్. ఫాల్ట్ వచ్చే అవకాశం ఎక్కువగా ఉండేది మొదటిసారి వోల్టేజ్ ఇచ్చే ఆ క్షణంలోనే. సరిగ్గా అప్పుడే రిలేని నమ్మకం మీద వదిలేస్తున్నారు.

ఆపరేటర్_కరీంనగర్

అన్నా, మీరంతా సీటీల కాడ్నే ఆగిన్రు. రిలే చెప్తది సరే, బ్రేకర్ ఇనాలె గదా. మా 33/11 సబ్‌స్టేషన్ల ఒకసారి ఫీడర్ మీద ఫాల్ట్ వచ్చింది. రిలే పని చేసింది, జెండా పడ్డది. బ్రేకర్ కదల్లే. బ్యాటరీ వోల్టేజ్ చూస్తే బాగనే ఉంది, ట్రిప్ కాయిల్‌కి కరెంట్ ఇయ్యంగనే కింద పడిపోతున్నది. సెల్స్ పోయినయ్. ఇన్‌కమర్ బ్రేకర్ పడి ఊర్లన్నీ చీకటైనయ్.

మిల్లు సారూ, మీ కాంట్రాక్టర్‌ని ఒక్కటడుగు. కిట్ టైమర్ ఆగింది దేంతోని? రిలే స్పేర్ కాంటాక్ట్‌తోనా, బ్రేకర్ తెరుచుకుంటేనా? చానామంది స్పేర్ కాంటాక్ట్‌కి వైరు పెట్టి టైమ్ రాసుకొని పోతరు. అసలు ట్రిప్ కాంటాక్ట్ మంచిగున్నదో లేదో ఎవ్వరు చూడలే. మీ ప్యానెల్‌ల పవర్ ప్యాక్ (బ్యాటరీ బదులు ట్రిప్ కాయిల్‌కి కరెంట్ ఇచ్చేది) ఉంటే, దానికొచ్చే ఏసీ ఆపేసి ట్రిప్ కొట్టి చూడున్రి. దగ్గర్లనే ఫాల్ట్ వస్తే పీటీ (వోల్టేజ్ తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) వోల్టేజ్ పడిపోతది, అప్పుడు పవర్ ప్యాక్ లోపల దాచుకున్న చార్జ్ మీదనే బ్రేకర్ పడాలె.

మిల్లు_మెయింటెనెన్స్ (గుంటూరు జిల్లా)

కరీంనగర్ అన్నా, ఇప్పుడే వెళ్లి అడిగాను. స్పేర్ కాంటాక్టేనట. టెస్ట్ జరుగుతున్నంతసేపూ బ్రేకర్ ఆఫ్‌లోనే ఉంది. పవర్ ప్యాక్ ఉంది, ఏసీ ఆపి ఎవరూ చూడలేదు.

ప్రైమరీ కిట్‌కి మాత్రం యాజమాన్యం డబ్బు ఇచ్చేలా లేదు. వేరే దారి ఏదైనా ఉందా?

ఎంఆర్టీ_రిటైర్డ్ (ఏలూరు)

ఉంది. మీ దగ్గర డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) ఉండే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ (433 వోల్టుల) వైపు మూడు ఫేజులూ గట్టి బస్‌బార్ ముక్కతో షార్ట్ చేయండి. వీసీబీ ఇన్‌కమింగ్ వైపు 11 కేవీ బదులు డీజీ నుంచి 415 వోల్టులు ఇవ్వండి. నేమ్‌ప్లేట్ మీద ఇంపీడెన్స్ 6.25 శాతం ఉందనుకుందాం. 415 అంటే 11,000లో 3.77 శాతం. 3.77ని 6.25తో భాగిస్తే 0.6. ఫుల్ లోడ్ 84లో 0.6 వంతు, అంటే దాదాపు 50 ఆంపియర్లు మీ సీటీల ప్రైమరీలో నిజంగా పారతాయి. మూడు ఫేజులూ బ్యాలెన్స్‌గా పారతాయి, సింగిల్ ఫేజు ప్రైమరీ కిట్‌తో అది కుదరదు.

రిలే డిస్‌ప్లేలో మూడు ఫేజులూ 50 చూపించాలి, రెసిడ్యువల్ సున్నాకి దగ్గరగా ఉండాలి. 25 చూపిస్తే ట్యాప్ తప్పు. ఒక ఫేజు మిగతా రెంటికంటే బాగా తక్కువ చూపిస్తే షార్టింగ్ లింక్ తీయలేదేమో చూడండి. పోలారిటీ తిరగబడితే రెసిడ్యువల్ 100కి ఎగిరి, ఎర్త్ ఫాల్ట్ మీద బ్రేకర్ అక్కడికక్కడే పడుతుంది. అప్పుడు దాన్ని డీజీ మీద పట్టుకున్నట్టు, నిజమైన ఫాల్ట్‌లో కాదు.

జాగ్రత్త ఒక్కటే. డిస్కమ్ నుంచి వచ్చే కేబుల్ పూర్తిగా విప్పి పక్కన పెట్టి ఎర్త్ చేయాలి. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపామని డిస్కమ్ ఇచ్చే అనుమతి) కాగితం చేతిలో లేకుండా దాని మీద చెయ్యి వేయొద్దు. ఎల్‌టీ వైపు షార్ట్‌లో 1,280 ఆంపియర్ల దాకా పారతాయి, అక్కడ సన్న కేబుల్ ముక్క కడితే పొగే. ఎక్కువసేపు ఉంచొద్దు, రీడింగులు రాసుకుని ఆపేయండి.

రిలే_కిట్ (విశాఖ)

ఈ పద్ధతికి నేను అడ్డు చెప్పను. 33/11 ట్రాన్స్‌ఫార్మర్లకి మేమూ చేస్తాం. 5 ఎంవీఏ అయితే ఇంపీడెన్స్ 7.15 శాతం ఉంటుంది, 33 వైపు 15, 11 వైపు 46 ఆంపియర్లు వస్తాయి, క్లాంప్ మీటర్‌తో చూసుకోవచ్చు.

కానీ ఒకటి గమనించండి. 50 ఆంపియర్లు 90 సెట్టింగ్‌ని దాటవు. ఓవర్‌కరెంట్ మీద బ్రేకర్ పడి చూపించాలంటే సెట్టింగ్ తగ్గించాలి. టెస్ట్ కోసం సెట్టింగ్ మార్చి తిరిగి పెట్టడం మర్చిపోయిన ప్యానెళ్లు ఎన్ని ఉంటాయో ఎంఆర్టీ వారికే బాగా తెలుసు. ఆ రిస్క్ తీసుకోవడం కంటే ఓవర్‌కరెంట్ ట్రిప్‌ని సెకండరీలోనే, బ్రేకర్ ఆన్‌లో పెట్టి చేస్తే మంచిది.

ఎంఆర్టీ_రిటైర్డ్ (ఏలూరు)

సెట్టింగ్ ముట్టుకోనక్కర్లేదు. 50 పారుతుండగా సీటీ టెర్మినల్ బ్లాక్ దగ్గర ఒక ఫేజుని స్టార్ పాయింట్‌కి (మూడు ఫేజులూ కలిసే చోటుకి) షార్ట్ చేసి, ఆ తర్వాతే ఆ ఫేజు రిలే వైపు వైరు విడదీయండి. ఆ ఫేజు కరెంట్ రిలేకి పోదు, మిగతా రెండూ కలిసి రెసిడ్యువల్‌లో 50 అవుతాయి. 20 సెట్టింగ్‌కి రెండున్నర రెట్లు. టీఎంఎస్ 0.1కి 0.76 సెకన్లలో ఎర్త్ ఫాల్ట్ మీద బ్రేకర్ పడాలి. సీటీ నుంచి ట్రిప్ కాయిల్ దాకా అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా పరీక్ష అయినట్టు. షార్ట్ చేయొచ్చుగానీ, నడుస్తున్న సీటీ సెకండరీని పొరపాటున కూడా ఓపెన్ చేయకూడదు. లింక్ బిగించాక, బిగిసిందో లేదో చూసుకున్నాకే చెయ్యి తీయండి.

రిలే_కిట్ (విశాఖ)

మంచి ఉపాయమే సార్. కానీ ఆ లింక్ మర్చిపోతే? సెట్టింగ్ మారిస్తే రిలే ఈవెంట్ లాగ్‌లో తారీఖు, టైముతో సహా రికార్డు ఉంటుంది. లింక్ వదిలేస్తే ఏ లాగ్‌లోనూ రాదు. నా ఓటు ఇప్పటికీ సెట్టింగ్ వైపే.

దోహా_కమిషనింగ్

లింక్ తీశాక అదే 50 మీద మళ్లీ మూడు ఫేజులూ చదివితే అయిపోతుంది కదా అన్నా. మేం చివరి రీడింగ్ ఎప్పుడూ అలాగే తీస్తాం, ఆ తర్వాత ఆ బాక్స్ మూత తెరవనివ్వం. తెరిస్తే మళ్లీ మొదటినుంచి.

మిల్లు_మెయింటెనెన్స్ (గుంటూరు జిల్లా)

అందరికీ ధన్యవాదాలు. కాంట్రాక్టర్‌తో మాట్లాడాను. డీజీ మాది, షార్టింగ్ బస్‌బార్ మాది, మనిషి అతనిది అంటే ఒప్పుకున్నాడు. సీటీల మాగ్నెటైజేషన్ రిపోర్టులు కూడా అడిగాను, రెండు కోర్లకీ విడివిడిగా. ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ మీద ఇంపీడెన్స్ 6.1 శాతం ఉంది, అంటే 52 ఆంపియర్లు రావాలి. డిస్కమ్ ఏఈ గారికి ఎల్‌సీ కోసం లెటర్ రాశాను. పవర్ ప్యాక్ ఏసీ ఆపి ట్రిప్ చూడటం ఆ రోజే చేస్తాం.

సెట్టింగా, లింకా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు. లింక్ పద్ధతిలో టెర్మినల్ బ్లాక్‌కి స్లైడింగ్ లింకులు ఉండాలా, లేక మామూలు స్క్రూ టైపు మీద జంపర్ వేసినా పరవాలేదా? మాది స్క్రూ టైపు. ఏలూరు వారు చెప్తే దాన్ని బట్టి నిర్ణయిస్తాను.

ఎంఆర్టీ_రిటైర్డ్ (ఏలూరు)

స్క్రూ టైపైతే కరెంట్ పారుతుండగా జంపర్ వేయొద్దు. డీజీ ఆపి, జంపర్ రెండు చివర్లూ లగ్‌తో బిగించి, ఆ ఫేజు రిలే వైపు వైరు విప్పి, బ్రేకర్ ఆన్ చేసి, అప్పుడు డీజీ కరెంట్ ఇవ్వండి. మీ 52 ఆంపియర్లకి రావాల్సింది 0.73 సెకన్లు, అవి మొదలయ్యేది అప్పుడే, టైమ్‌ని రిలే ఫాల్ట్ రికార్డులోంచి తీసుకోండి. డీజీ ఆపి, ఆ వైరు తిరిగి కట్టి, జంపర్ తీశాక, మళ్లీ కరెంట్ ఇచ్చి మూడు ఫేజులూ 52 దగ్గర ఉన్న ఫోటో తీసి ఫైల్‌లో పెట్టండి.