ఫ్రిజ్‌లో ఉంచే ఫైటో, అమినోలు: పంపుతో పోయించాలా, చేత్తో పోయాలా?

హన్మకొండ_రీఫ్:
అందరికీ నమస్తే. నాది 200 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడపు జీవులు, అంటే కోరల్స్ పెంచే ఉప్పునీటి అక్వేరియం), కింద సంపు (ఫిల్టర్ సామాన్లు ఉండే రెండో తొట్టి) ఉంది. లెదర్, జోయాంథస్, మష్రూమ్ అనే మెత్తటి కోరల్స్, ఫెదర్ డస్టర్ పురుగులు పెంచుతున్నాను. గట్టి కోరల్స్ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. ఆల్కలినిటీ, కాల్షియం ద్రావణాలు డోసింగ్ పంపుతోనే (టైముకు కొలత ప్రకారం పోసే చిన్న పంపు) వెళ్తున్నాయి, వాటితో ఏ ఇబ్బందీ లేదు.

నా ప్రశ్న ఫ్రిజ్‌లో ఉంచాల్సిన వాటి గురించి. రోజుకు 10 మి.లీ. లైవ్ ఫైటో (బతికున్న సూక్ష్మ నాచు), 1 మి.లీ. అమినో ఆమ్లాలు ట్యాంకుకు తిండిగా చేత్తో పోస్తున్నాను. దసరాకో సంక్రాంతికో ఊరికి పోతే వారం దాకా ఇంట్లో ఎవరూ ఉండరు. ట్యాంకు పక్కన చిన్న ఫ్రిజ్ పెట్టి, అందులోంచి ట్యూబ్ లాగి పంపుతో పోయిద్దామని ఉంది. ఇవి మాత్రం చేత్తోనే పోయాలని కొందరు గట్టిగా చెబుతున్నారు. మీరేమంటారు?

ఖని_షిఫ్ట్:
ఆలోచించకుండా పంపు పెట్టు తమ్మీ. గోదావరిఖనిలో నా డ్యూటీ ఒక వారం పొద్దున, ఇంకో వారం రాత్రి. చేత్తో పోయాలంటే షిఫ్టు మారినప్పుడల్లా ట్యాంకు తిండి టైమ్ కూడా మారిపోతుంది. ఇంట్లోవాళ్లకు అప్పజెబితే ఒకరోజు ఇద్దరూ పోస్తారు, ఇంకోరోజు ఎవరూ పోయరు. రోజూ ఒకే టైముకు, ఒకే కొలత పడటం ముఖ్యం. అది మనుషుల కంటే పంపే బాగా చేస్తుంది.

కాజీపేట_మాండరిన్:
నేను ఒప్పుకోను. నా దగ్గర మాండరిన్ చేప ఉంది. దాని తిండి కోపీపాడ్లు అనే చిన్నచిన్న నీటి జీవులు, కోపీపాడ్ల తిండి ఫైటో. అంటే ఫైటో విషయంలో అజాగ్రత్తగా ఉంటే చివరికి ఆ చేపే పస్తుంటుంది. అందుకే ఇది నాకు మామూలు విషయం కాదు.

లైవ్ ఫైటోని కదపకుండా ఉంచితే కణాలన్నీ అడుగుకు చేరతాయి. సీసా అడుగున ముదురు ఆకుపచ్చ పొర, పైన లేత నీళ్లు. పంపు ట్యూబ్ అడుగుదాకా ఉంటే మొదటి రోజుల్లో చిక్కటి ముద్ద పోతుంది, తర్వాత రంగు నీళ్లు పోతాయి. పంపు కొలత ఒకటే, ట్యాంకుకు అందే తిండి మాత్రం ఒకటి కాదు. కాబట్టి రోజూ సీసా ఊపాలి. ఊపడానికి ఎలాగూ ఫ్రిజ్ తలుపు తీస్తాం కదా, అప్పుడే సిరంజితో 10 మి.లీ. తీసి పోస్తే అయిపోతుంది. మధ్యలో ఈ పంపు ఎందుకు?

ఇంకోటి స్కిమ్మర్, అంటే నీళ్లలోని మలినాల్ని నురగతో బయటికి తీసే పరికరం. నేను రాత్రి లైట్లు ఆరాక స్కిమ్మర్ ఆపి, ఫైటో పోసి, రెండు గంటల తర్వాత మళ్లీ ఆన్ చేస్తాను. పంపు పగలంతా చుక్కచుక్కగా పోస్తుంటే అందులో చాలా భాగం స్కిమ్మర్ కప్పులోకే పోతుంది.

ఖని_షిఫ్ట్:
ఊపడం పెద్ద సమస్య కాదక్కా. పాత కంప్యూటర్ ఫ్యాన్‌కు రెండు అయస్కాంతాలు అంటించి, దాని మీద సీసా పెట్టి, సీసాలో స్టిరర్ బార్ (చిన్న అయస్కాంతపు కడ్డీ) వేశాను. డోస్‌కు ఒక నిమిషం ముందు ఫ్యాన్ తిరుగుతుంది, తర్వాత పంపు నడుస్తుంది. స్కిమ్మర్ కూడా టైమర్ మీదే ఉంది, ఆ టైములో ఆగిపోతుంది. మీరు చేత్తో చేసే పనే ఇది, అదే వరసలో.

ల్యాబ్_వరంగల్:
ఇద్దరూ సీసా గురించే మాట్లాడుతున్నారు. నన్నడిగితే అసలు చూడాల్సింది సీసాకూ ట్యాంకుకూ మధ్య ఉన్న ట్యూబ్‌ని. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. మా బయోకెమిస్ట్రీ మెషిన్‌లో రియేజెంట్లు (పరీక్షకు వాడే రసాయనాలు) చల్లటి ట్రేలోనే ఉంటాయి. సూది వచ్చి కావాల్సినంత తీసుకుపోతుంది, ఆ వెంటనే కడుక్కుంటుంది. చల్లగా ఉండాల్సిన ద్రవం బయట ట్యూబ్‌లో నిలవ ఉండకుండా చూస్తారు. మనం పెట్టే డోసింగ్ పంపులో జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం.

లెక్క చూడండి. లోపలి వ్యాసం 3 మి.మీ. ఉన్న ట్యూబ్ ఒక మీటరు పొడవుకు దాదాపు 7 మి.లీ. పడుతుంది. ఫ్రిజ్ నుంచి ట్యాంకుకు మీటరున్నర ట్యూబ్ వేశారనుకోండి, అందులోనే పదిన్నర మి.లీ. నిలిచి ఉంటుంది. మీ రోజు డోస్ 10 మి.లీ. అంటే ఈరోజు ట్యాంకులో పడేది ఈరోజు ఫ్రిజ్‌లోంచి వచ్చిన ఫైటో కాదు. ఒక రోజంతా గది వేడిలో ఉండి వచ్చింది. మే నెలలో మన గదులు మధ్యాహ్నం ఎంత వేడెక్కుతాయో చెప్పక్కర్లేదు. ఇరుకు ట్యూబ్‌లో, గాలి ఆడకుండా, ఆ వేడిలో ఫైటో కణాలు చస్తాయి, బ్యాక్టీరియా పెరుగుతుంది. ఫ్రిజ్‌కు డబ్బు పెట్టి, చివరి మీటరున్నరలో దాన్నంతా పాడుచేసుకోవడం అన్నమాట.

అమినోల సంగతి ఇంకా కష్టం. వాటి డోస్ 1 మి.లీ. మాత్రమే. అదే ట్యూబ్ గుండా ట్యాంకు చేరడానికి పది రోజులకు పైగా పడుతుంది. బ్యాక్టీరియాకు అమినో ఆమ్లాల కంటే మంచి తిండి ఏముంటుంది? ట్యూబ్ గోడలకు లోపల తెల్లటి జిగట పొర కడుతుంది. ఆ ట్యూబ్ చివరను వేళ్ల మధ్య నలిపితే జారుతూ ఉంటుంది, వాసన కూడా వస్తుంది.

అందుకే నా మాట ఇది. పంపు వద్దని నేను అనను. ద్రవం ట్యాంకులో పడే క్షణం దాకా చల్లగా ఉంచగలిగితేనే పంపు పెట్టండి. లేదంటే చెయ్యే నయం.

ఖని_షిఫ్ట్:
లెక్క బాగుంది సార్. కానీ రోజుకు రెండుసార్లు కాకుండా గంటకోసారి కొంచెం కొంచెంగా పోయిస్తే? ద్రవం కదులుతూనే ఉంటుంది కదా, నిలవ ఉండదు.

ల్యాబ్_వరంగల్:
చాలామంది అలాగే అనుకుంటారు, కానీ దానివల్ల తేడా రాదు. 10 మి.లీ.ని రెండుగా విడగొట్టినా ఇరవైనాలుగుగా విడగొట్టినా రోజుకు ట్యూబ్ గుండా పోయేది 10 మి.లీ.లే. ట్యూబ్ పట్టేది పదిన్నర అయితే ప్రతి చుక్కా అందులో ఒక రోజు గడపాల్సిందే. మార్చాల్సింది ట్యూబ్‌ని. 2 మి.మీ. ట్యూబ్ వేసి, ఫ్రిజ్ బయట అర మీటరే ఉండేలా చూసుకుంటే అందులో పట్టేది ఒకటిన్నర మి.లీ. పైచిలుకు. అప్పుడు ఫైటో వేడిలో ఉండేది సగటున నాలుగు గంటల లోపే. ఫైటోకి అది ఫర్వాలేదు. 1 మి.లీ. అమినోకి మాత్రం ఆ ట్యూబ్ కూడా ఒకటిన్నర రోజు అవుతుంది, కాబట్టి దాన్ని చేత్తోనే పోయండి. నీళ్లు కలిపి పలుచన చేసి డోస్ పెంచుదామంటారేమో. పలుచన చేస్తే అందులోని ప్రిజర్వేటివ్ కూడా పలుచనవుతుంది, ఇంకా త్వరగా పాడవుతుంది.

ఖని_షిఫ్ట్:
ఒప్పుకుంటాను. కానీ ఇంకో దారి ఉంది. నా పంపు ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో నడుస్తుంది, మోటార్‌ని వెనక్కి కూడా తిప్పగలను. డోస్ అయ్యాక పంపు వెనక్కి తిరిగి ట్యూబ్‌లోని ఫైటోని లాగేస్తుంది. ట్యూబ్ చివర నీటికి పైన ఉంటుంది కాబట్టి లోపలికి వచ్చేది గాలే.

ల్యాబ్_వరంగల్:
ఆలోచన మంచిదే. కాకపోతే సీసాలోకి లాగకండి. బయట తిరిగొచ్చిన ద్రవం సీసాలో కలిస్తే ట్యూబ్‌లోని బ్యాక్టీరియా మొత్తం సీసాకు అంటుకుంటుంది. ఫ్రిజ్ లోపల ఒక మీటరు ట్యూబ్‌ని చుట్టలా పెట్టి, ద్రవం ఆ చుట్టలోకి వచ్చి ఆగేలా సెట్ చేయండి. తర్వాతి డోస్‌లో వెనక్కి లాగినంతా ప్లస్ అసలు డోస్ ముందుకు తోయాలి.

మెకానిక్_కరీంనగర్:
నేను ఫ్రిజ్‌లు రిపేర్ చేస్తాను, ట్యాంకు కూడా ఉంది. ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. ట్యూబ్ కోసం ఫ్రిజ్‌కు డ్రిల్ వేయొద్దు. చాలా మోడళ్లలో గ్యాస్ పైపులు పక్క గోడల రేకు లోపలే ఉంటాయి, బయటికి కనబడవు. ఇప్పుడొచ్చే ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఆర్600ఏ గ్యాస్ వాడుతున్నారు. అది మండే గ్యాస్. పైపుకు బెజ్జం పడితే ఫ్రిజ్ పోవడం ఒక్కటే కాదు, ఆ పక్కనే డ్రిల్ నిప్పురవ్వలు ఉంటాయి. సన్నటి సిలికాన్ ట్యూబ్ అయితే డోర్ రబ్బర్ సందులోంచి, కీలు వైపు కింది మూల నుంచి తీయొచ్చు. తలుపు తీసినప్పుడు అక్కడ ట్యూబ్ లాగినట్టు అవ్వదు. వేశాక తలుపు మూసి, రబ్బర్ చుట్టూ ఒక కాగితం ముక్క పెట్టి లాగి చూడండి. ఎక్కడ వదులుగా వస్తే అక్కడ చల్లదనం కారిపోతున్నట్టే.

రెండోది, ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే చిన్న పెల్టియర్ ఫ్రిజ్‌లు కొనకండి. కార్లలో, మేకప్ సామాన్లకు వాడతారు చూశారా, అవి. వాటిలో కంప్రెసర్ ఉండదు. బయట ఉన్న వేడి కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు తగ్గించడమే వాటికి గగనం. గది 38 ఉంటే లోపల 20 ఉంటుంది. ఫైటోకి కావాల్సింది 4 డిగ్రీల చుట్టుపక్కల. బెంగళూరులో ఒకాయన వాడి బాగుందన్నాడని మన రామగుండంలో కొంటే పనికిరాదు. చిన్నదైనా కంప్రెసర్ ఫ్రిజ్ తీసుకోండి.

హన్మకొండ_రీఫ్:
ఇది తెలియకపోతే పెల్టియర్‌దే ఆర్డర్ పెట్టేవాణ్ని. థాంక్స్ అన్నా. ఒక డౌట్. ఫ్రిజ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆల్కలినిటీ సీసా కూడా అందులోనే పెట్టొచ్చా? ట్యాంకు పక్కన జాగా కలిసొస్తుంది.

ల్యాబ్_వరంగల్:
పెట్టొద్దు. ఆల్కలినిటీకి వాడే సోడా యాష్ (సోడియం కార్బొనేట్) ద్రావణం చల్లబడితే స్ఫటికాలుగా అడుగున కూర్చుంటుంది. 20 డిగ్రీల నీళ్లు 100 మి.లీ.లలో ఇరవై గ్రాములకు పైగా కరిగేది, సున్నాకు దగ్గరైతే ఏడు గ్రాములే కరుగుతుంది. ట్యూబ్ మూసుకుపోతుంది, ఆల్కలినిటీ పడిపోతుంది.

కాజీపేట_మాండరిన్:
ట్యూబ్ లెక్క నాకు నచ్చింది, చల్లగా ఉంచడం కుదురుతుందని ఒప్పుకుంటున్నాను. కానీ నా భయం వేరే. కరెంటు. మా వైపు ఎండాకాలంలో గాలిదుమారం వచ్చిన సాయంత్రం కరెంటు పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంట్లో మనిషి ఉంటే సీసా వాసన చూసి, రంగు చూసి, పాడైతే పారబోస్తారు. పంపుకి ముక్కు లేదు. చెడిపోయిన ఫైటోని కూడా టైముకు తీసుకెళ్లి పోసేస్తుంది. పైగా పంపుని ఆన్, ఆఫ్ చేసే రిలే స్విచ్ ఇరుక్కుపోయి పంపు ఆగకుండా తిరిగితే? లీటరు ఫైటో 200 లీటర్లలో ఒక్క రాత్రిలో పడితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి చేపలు పైకి తేలతాయి. నిలకడ కోసం పెట్టిన మెషిన్‌తో ట్యాంకు మొత్తం పోగొట్టుకోవడం ఏం న్యాయం?

ఖని_షిఫ్ట్:
అక్కా, ఆ భయం సరైనదే, దానికి మందు కూడా ఉంది. ఫ్రిజ్‌లో లీటరు సీసా పెట్టకూడదు. 100 మి.లీ. సీసా చాలు, పది రోజులకు వస్తుంది. పంపు పిచ్చిపట్టినట్టు తిరిగినా పడేది అంతే, దాన్ని ట్యాంకు తట్టుకుంటుంది. మిగతా ఫైటో ఇంటి పెద్ద ఫ్రిజ్‌లో ఉంటుంది. ఇక కరెంటు పోతే చేయాల్సింది పంపుకే చెప్పొచ్చు. సీసా పక్కన ఒక టెంపరేచర్ సెన్సార్ పెట్టి, లోపల 10 డిగ్రీలు దాటి గంటసేపు ఉంటే మనం వచ్చి చూసేదాకా డోస్ ఆపెయ్యమని రాశాను. వారం రోజులు ఫైటో పడకపోతే లెదర్లకు, జోయాలకు ఏమీ కాదు. చెడిపోయింది పడితేనే నష్టం.

కాజీపేట_మాండరిన్:
మీ ట్యాంకుకు ఏమీ కాదు. నా కోపీపాడ్లకు వారం అంటే చాలా ఎక్కువ. నేను చేత్తోనే పోస్తాను, ఊరికి పోతే పక్కింటి అమ్మాయికి రోజువారీ సిరంజిలు నింపి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తాను. సీసా పెట్టాననుకోండి, ప్రేమకొద్దీ ఎక్కువ పోస్తుంది. సిరంజి అయితే కొలత తప్పదు. కానీ హన్మకొండ తమ్ముడికి మాండరిన్ లేదు కాబట్టి అతనికి ఆ ఆపేసే పద్ధతి సరిపోతుంది, అది ఒప్పుకుంటాను.

మెకానిక్_కరీంనగర్:
పంపుని ఫ్రిజ్ లోపల పెట్టాలని ఎవరికైనా ఆలోచన వస్తే వద్దు. తలుపు తీసిన ప్రతిసారీ తేమ పడుతుంది, మోటార్ తుప్పు పడుతుంది. బయట తలుపు పక్కనే అంటించండి.

హన్మకొండ_రీఫ్:
నేనిలా చేద్దామనుకుంటున్నాను. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్, 2 మి.మీ. ట్యూబ్, డోర్ రబ్బర్ సందులోంచి బయటికి అర మీటరు లోపే. ఫైటో 100 మి.లీ. సీసాలో, కింద ఫ్యాన్ స్టిరర్, సెన్సార్‌తో కటాఫ్. డోస్ రాత్రి ఒక్కసారే, స్కిమ్మర్ ఆపి. వెనక్కి లాగే పద్ధతి కూడా పెడతాను. అమినో మాత్రం చేత్తో, ఊరికి పోయినప్పుడు మానేస్తాను. ట్యూబ్ ఎన్నాళ్లకోసారి కడగాలి, దేనితో?

ల్యాబ్_వరంగల్:
సీసా నింపే ప్రతిసారీ కడగండి, అంటే మీకు పది రోజులకోసారి. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని ట్యూబ్ నిండేదాకా పంపు చేసి, పది నిమిషాలు ఉంచండి. తర్వాత ఆర్‌ఓ నీళ్లతో రెండుసార్లు కడగాలి. ఆ సమయంలో ట్యూబ్ చివర ట్యాంకులో కాదు, గ్లాసులో ఉండాలి. వచ్చే నీళ్లలో ఇంకా ఆకుపచ్చ జిగట ముక్కలు కనిపిస్తే ట్యూబ్ మార్చేయండి. పంపు తలలో రోలర్ల కింద ఉండే ట్యూబ్ ముక్క నలిగి వదులైతే కొలత మారుతుంది, అప్పుడప్పుడు కొలత గ్లాసులో పట్టి చూసుకోండి.